లాంచీ షికారులో చేపల వేట – పడవ ఎక్కేముందు నాలుగు ప్రశ్నలు

మెదక్ (మా గ్రామీణ విలేఖరి) :

కోతలు ముగిసి చేతిలో నాలుగు పైసలు ఆడే రోజుల్లో మన జిల్లా పల్లెల నుంచి బండ్లు మాట్లాడుకుని యాత్రలకు బయలుదేరడం పరిపాటి. ఒకప్పుడు ఏడుపాయల జాతర, కొమురవెల్లి, వేములవాడలతో సరిపెట్టుకునేవారు. ఇప్పుడు నాగార్జునసాగర్ లాంచీ, భద్రాచలం వైపు నుంచి పాపికొండల బోటు కూడా ఆ వరుసలో చేరాయి. విశాఖపట్నం వెళ్ళి పెద్ద ఓడ ఎక్కాలని ముచ్చటపడేవారు కూడా పట్టణంలో ఉన్నారు.

నీళ్ళ మీదికి పోయినవాడికి చేపల మీదికి మనసు పోవడం సహజం. చెరువు గట్టున గాలం పట్టి పెరిగిన మన పిల్లలకైతే చెప్పనక్కరలేదు. లాంచీ దిగగానే “చేపల వేటకు తీసుకుపోతాం, రండి” అని పిలిచేవారు రేవుల్లో దొరుకుతూనే ఉంటారు. ఆ పిలుపునకు సరేననాలా, వద్దనాలా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, కొన్నిసార్లు అది ప్రాణాలతో ముడిపడిన విషయమవుతుంది.

ఎనిమిది మందికి రెండు జాకెట్లు

కొంతకాలం కిందట మా ఊరి నుంచి పదకొండుమందిమి కృష్ణానది మీద లాంచీ ప్రయాణానికి వెళ్ళాము. లాంచీ పైనుంచి గాలం వేస్తామని కుర్రవాళ్ళు అడిగితే సిబ్బంది ఒప్పుకోలేదు. లాంచీ దిగాక ఒక పడవవాడు వచ్చి, కొంత సొమ్ము ఇస్తే నడినీళ్ళకు తీసుకుపోయి చేపలు పట్టిస్తానన్నాడు. గాలాలు, ఎర తనవేనన్నాడు. మా కుర్రవాళ్ళు ముగ్గురు అప్పుడే చెప్పులు విడిచి పడవలో కాలు పెట్టారు.

మాతో వచ్చినవారిలో పోచారం చెరువులో వల వేసి బతికిన పెద్దమనిషి ఒకరున్నారు. ఊరి వరుసన నాకు కాక అవుతారు. ఆయన కుర్రవాళ్ళను ఆగమని, పడవవాణ్ణి పక్కకు పిలిచారు.

“తమ్మీ, నీ పడవల ఎంతమంది పడ్తరు?”

“ఎనిమిది మంది కూసోవచ్చు కాకా.”

“మరి లైఫ్ జాకెట్లు రెండే ఉన్నయేంది?”

“ఏం గాదు. రోజూ తిరిగే నీళ్ళే.”

“ఈ నీళ్ళల్ల చేపలు పట్టనీకి నీకు లైసెన్సు ఉన్నదా?”

“అందరు పడ్తనే ఉన్నరు.”

“గాలి లేస్తే ఏ ఒడ్డుకు పెడ్తవ్?”

పడవవాడు చేత్తో అవతలి గుట్టలు చూపించాడు. అక్కడ పడవ ఆనించే చోటే లేదు.

“సరే, మేం నీ పడవ ఎక్కినమని ఈ ఒడ్డు మీద ఎవరికి తెలుసు?”

దీనికి అతని దగ్గర జవాబు లేదు. “బిడ్డా, దిగుండ్రి” అన్నారు కాక. కుర్రవాళ్ళు మూతులు ముడుచుకుని దిగారు. వేరే ఊరివాళ్ళు అయిదారుగురు ఆ పడవ ఎక్కి వెళ్ళారు. నిజం చెప్పాలంటే ఆ పడవ సాయంత్రానికి క్షేమంగానే తిరిగి వచ్చింది. “చూసినవా తాతా, ఏమన్న అయిందా?” అని మా కుర్రవాడొకడు ఎత్తిపొడిచాడు. ఆయన కోపగించుకోలేదు. “మంచిదే బిడ్డా. రోజూ వస్తది. రాని రోజు ఏదో ముందుగాల తెల్వదు గదా” అన్నారు.

రాని రోజులు రెండు

ఆ మాట విన్నప్పుడు నాకు రెండు ఆదివారాలు గుర్తుకు వచ్చాయి. 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తీకమాసంలో సరదాగా వచ్చినవారు. ఆ పడవకు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి లేదని అధికారులు తర్వాత చెప్పారు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. బోటులో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి కలిసి వెళ్ళిన బృందంలో పలువురు తిరిగి రాలేదు. ఆనాడు గోదావరి వరద మీద ఉంది. చుట్టుపక్కల గిరిజన గ్రామాలవారు తమ చిన్న పడవలు వేసుకుని వచ్చి పలువురిని ఒడ్డుకు చేర్చారు. మునిగిన బోటును అక్టోబరు 22న గాని బయటికి తీయలేకపోయారు. ఇవి చేపల వేటకు పోయిన పడవలు కావు, నిజమే. కానీ షికారు పడవ అయినా, వేట పడవ అయినా నీళ్ళకు తేడా లేదు.

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

కాక అడిగిన ప్రశ్నలనే పాఠకుల ముందు పెడుతున్నాను. చదువు లేనివారు సైతం వీటిని అడగవచ్చు.

మొదటిది : ఎంతమంది, ఎన్ని జాకెట్లు? మనిషికొక లైఫ్ జాకెట్ ఉండాలి. అది పడవ మూలన మూటగట్టి ఉంటే లాభం లేదు. ఒడ్డు మీదే తొడుక్కుని, పట్టీలన్నీ బిగించుకుని ఎక్కాలి. పిల్లలకు పిల్లల కొలత జాకెట్ కావాలి. పెద్దది తొడిగితే నీళ్ళలో పడగానే తల మీదుగా జారిపోతుంది. జాకెట్ తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకి వస్తే అది ఆ బిడ్డకు పనికిరాదు. ఉక్కపోస్తున్నదని నడుమ విప్పవద్దు. గాలం వేసేటప్పుడు అందరూ ఒకే పక్కకు ఒరగడం, చేప పడగానే లేచి నిలబడడం చిన్న పడవలకు ప్రమాదకరం. చేపల పడవలో జాగ్రత్త మరింత ఎక్కువ కావలసింది అందుకే.

రెండవది : అనుమతి ఉన్నదా? యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం ఉండాలని 2021 నాటి దేశీయ నౌకల చట్టం చెబుతున్నది. చేపలు పట్టే హక్కు వేరే సంగతి. మన చెరువుల్లో అది మత్స్యకారుల సహకార సంఘాలది. పెద్ద జలాశయాల్లో లైసెన్సు ఉన్నవారిది. పడవవాడు డబ్బు తీసుకున్నంత మాత్రాన మనకు ఆ హక్కు రాదు. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వైపు పోయే నీటిదారిలో చాలా మేర రెండు పక్కలా పులుల అభయారణ్యం ఉంది. అటువంటి చోట బయటివారు గాలం వేయడం చట్టరీత్యా నేరమయ్యే అవకాశం ఉంది.

మూడవది : గాలి లేస్తే ఎక్కడికి? ఎండాకాలం మధ్యాహ్నం తర్వాత ఈదురుగాలులు, ఉరుములు ఎప్పుడు వస్తాయో చెప్పలేము. పెద్ద జలాశయంలో గాలికి అలలు లేస్తే చిన్న పడవ నిలవదు. కాబట్టి తెల్లవారుజామున పోయి పొద్దెక్కకముందే తిరిగి రావడం మంచిది. చేపలు ఎరకు వచ్చేది కూడా ఎక్కువగా ఆ వేళకే. గోదావరి వైపు పోయేవారు భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంత ఉన్నదో ముందే తెలుసుకోవాలి. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. నీరు పెరుగుతున్నదని తెలిస్తే అంతవరకూ ఆగవలసిన పని లేదు, ప్రయాణమే మానుకోవాలి.

నాలుగవది : ఒడ్డున ఎవరికి తెలుసు? ఎక్కినవారి పేర్లు రాసుకుని, తిరిగి వచ్చే వేళ తెలిసిన మనిషి ఒడ్డు మీద ఒకరుండాలి. లేకుంటే పడవ రాలేదన్న సంగతే చీకటిపడేదాకా ఎవరికీ పట్టదు. మీ బృందంలోనే ఒకరిని ఒడ్డున ఉంచి వెళ్ళడం తేలిక.

ఈ నాలుగూ తేలాకనే డబ్బు మాట మాట్లాడాలి. రేటు మనిషికా, పడవకా? గాలాలు, ఎర అందులోనే కలిసి ఉన్నాయా? పడిన చేప ఎవరిది? ఇవి ముందే తేల్చుకుంటే తర్వాత తగవు ఉండదు.

పెద్ద ఓడ ఎక్కేవారికి

2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు విహార ఓడ నడిచినప్పటి నుంచి మనవారికి సముద్రయానం మీద మోజు పెరిగింది. అటువంటి ఓడ ఆగే రేవుల్లో కొన్నిచోట్ల చేపల వేట ప్రయాణాలు కూడా ఉంటాయి. వాటికి సాధారణంగా వేరే రుసుము కట్టాలి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. ఓడవారే ఏర్పాటు చేసిన పడవ ఆలస్యమైతే మామూలుగా ఓడ ఆగుతుంది. మనంతట మనం రేవులో మాట్లాడుకున్న పడవ ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు. బయటి పడవ చౌకగా వస్తుందనుకునేవారు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లుపెట్టే కాలం కనుక ఈ ఏర్పాటు. మన పిల్లల వేసవి సెలవులు చాలామట్టుకు ఆ రోజుల్లోనే పడతాయి. అప్పుడు ఎవరైనా మరపడవలో వేటకు తీసుకుపోతామంటే అనుమానించవలసిందే. సముద్రం అలవాటు లేనివారికి చిన్న పడవలో తల తిరిగి వాంతులవుతాయి. డాక్టరును అడిగి మాత్ర తీసుకుని, బయలుదేరకముందే వేసుకోవాలి.

వేట చేయకుండా చూసి రావడంలో కూడా ఆనందం ఉంది. లక్షద్వీపాల్లో జాలర్లు వల లేకుండా ట్యూనా చేపలు పట్టే తీరు ప్రసిద్ధమైనది. బతికున్న చిన్న చేపలను నీళ్ళలోకి చల్లి, పైన నీటి తుంపర కురిపిస్తారు. మేతకు ఎగబడిన పెద్ద చేపలను పొడవాటి కర్రలకు కట్టిన గాలాలతో ఒక్కొక్కటిగా పడవలోకి విసురుతారు. గాలానికి ముల్లు ఉండదు కనుక చేప దానంతటదే ఊడిపడుతుంది.

ఇంటి దగ్గరి నీళ్ళు

అంత దూరం పోనవసరం లేదనుకునేవారికి మన మంజీరా ఉంది, చెరువులున్నాయి. 1916–22 మధ్య కట్టిన పోచారం జలాశయం మెదక్ పట్టణానికి దగ్గరలోనే ఉంది. అయితే దాని చుట్టూ అభయారణ్యం ఉన్నదని మరువరాదు. సంగారెడ్డి వైపు మంజీరా అభయారణ్యంలో మొసళ్ళున్నాయి. అక్కడ నీటిలో దిగరాదు. ఏడుపాయల దగ్గర నది పాయలుగా చీలి రాళ్ళ మధ్య పారుతుంది. ఎగువ నుంచి నీరు వదిలితే చూస్తుండగానే పాయ నిండుతుంది. వీటన్నిటికంటే ఊరి చెరువు మేలు. సంఘం పెద్దలను అడిగి, గట్టు మీద కూర్చుని గాలం వేస్తే కాదనేవారు తక్కువ. కానీ అడగాలి. ఆ చెరువులో పిల్లలు వదిలి, కాపలా కాసి, వాటి మీదే ఇల్లు నడుపుకునేవారు ఉన్నారు. మనకు పొద్దుపోక పట్టిన బొచ్చె వారికి ఒక పూట తిండి.

మర్నాటి పొద్దున

మా కుర్రవాళ్ళ ముచ్చట చివరికి తీరింది. మర్నాడు తెల్లవారకముందే కాక దగ్గరలోని జాలరి ఇళ్ళకు వెళ్ళి లైసెన్సు ఉన్న ఒకాయనను మాట్లాడుకుని వచ్చారు. ఆయన మమ్మల్ని పడవ ఎక్కించలేదు. గట్టు పక్కన లోతు తక్కువ ఉన్నచోట కూర్చోబెట్టి, ఎర్రలు గుచ్చడం, బెండు మునగగానే లాగకుండా ఒక్క క్షణం ఆగడం నేర్పారు. రెండు గంటల్లో మూడు జెల్లలు, ఒక చిన్న రవ్వ పడ్డాయి. రవ్వను ఆయనే తీసి నీళ్ళలోకి వదిలి, “ఇది ఇంక పెరగాలె” అన్నారు. జెల్లల పులుసు వారి ఇంట్లోనే వండించుకుని, ఇవ్వవలసినది ఇచ్చి వచ్చాము.

తిరుగు ప్రయాణంలో, నిన్న ఎత్తిపొడిచిన కుర్రవాడే “తాతా, మన చెరువుల గిట్లనే పడ్తయా?” అని అడిగాడు. “పడ్తయ్ బిడ్డా. ముందుగాల సంఘపోళ్ళను అడగాలె” అన్నారు కాక.

ఈ ఏడు యాత్రలకు బయలుదేరే మన జిల్లావారు పడవలో కాలు పెట్టకముందే ఈ నాలుగు ప్రశ్నలు అడగవలసిందిగా మనవి. సరైన జవాబు చెప్పే పడవవాడు దొరికితే సంతోషంగా ఎక్కండి. దొరకకపోతే గట్టు మీదే కూర్చుని గాలం వేయండి. చేప పడినా పడకపోయినా, బయలుదేరిన పదకొండుమందీ ఇంటికి చేరడం ముఖ్యం.