ముసలి పిల్లికి మీ మాత్రలు వెయ్యకండి

12, 15 ఏళ్లు పెంచిన పిల్లికి మూత్రపిండాలు చెడితే తిండి మానేస్తుంది, చిక్కిపోతుంది, మూల చేరుతుంది. చూడలేక మీరు వేసుకునే పారాసిటమాల్ దానికి వెయ్యకండి. ఆ మందును హరించుకునే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రే ప్రాణం తీయవచ్చు.

పశువైద్యుణ్ణి సూటిగా అడగండి: "ఇది కోలుకుంటుందా, బాధే మిగిలిందా?" బాధే మిగిలితే, మోతాదు మించిన మత్తుమందుతో నొప్పి తెలియకుండా ప్రాణం పోయేలా చేస్తారు. అది పాపం కాదు, మీరు చేసే ఆఖరి సేవ. దగ్గరుండి నిమరండి.

బాధలో అది కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకోసం ఆసుపత్రికి వెళ్లండి.

పిల్లలతో "ఎటో వెళ్లిపోయింది" అనకండి. రోజూ గుమ్మంవైపే చూస్తారు. చనిపోయిందనే చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి.