వీడుకోలు సభ

పబ్లిక్ పరీక్షలు సమీపించగనే మన ఉన్నత పాఠశాలలలో తొమ్మిదవ తరగతివారు పదవ తరగతివారికి వీడుకోలు సభ జరుపుదురు. ఇట్టి ఆచారము మనకు క్రొత్త గాదు. పూర్వము గురుకులమున విద్య ముగిసిన శిష్యుడు గురువు హితోపదేశము విని, దక్షిణ యొసగి, స్నానము చేసి యింటికి మరలెడివాడు. దీనినే సమావర్తన మనిరి. అట్టివాడు స్నాతకుడు. విశ్వవిద్యాలయములలో పట్టములిచ్చు సభను స్నాతకోత్సవ మనుట అందుచేతనే.

నేటి వీడుకోలు సభలో హితోపదేశముతోపాటు ఫలాహారము, గ్రూపు ఫోటో, ఆటోగ్రాఫు పుస్తకములు ఉండును. అన్నిటికంటె మిన్నగా హాస్యముండును. బాలురు ఉపాధ్యాయుల నడకను, మాటతీరును అనుకరింతురు. ఒకరికొకరు వింత బిరుదము లిచ్చుకొందురు.

నేను ప్రధానోపాధ్యాయుడనై యుండగా నొక సభలో, నిత్యము ఆలస్యముగా వచ్చు బాలునకు తోటివాడొకడు ‘ఆలస్య చక్రవర్తి’ యను బిరుద మొసగెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. ఆ బాలుడు మాత్రము తల వంచుకొనెను. పిదప విచారింపగా, అతడు వేకువనే యింటింటికి పాలు పోసి బడికి వచ్చుచున్నాడని తెలిసెను. అతనిని నేను పలుమారులు గుమ్మమువద్ద నిలిపియుంటిని! ఒక్కనాడును కారణ మడుగనైతిని.

బిరుదమిచ్చిన బాలునకు ఈ సంగతి చెప్పితిని. అతడు మరునాడు ఆ మిత్రుని ఆటోగ్రాఫు పుస్తకమున, ‘మా యందరికంటె ముందు మేల్కొనువాడు’ అని వ్రాసెను. అది చదివి ఆ బాలుడు నవ్వెను.

బాలలారా! ఎవరినిగూర్చి నవ్వుదుమో వారును మనతో నవ్వగలిగినదే హాస్యము.