ట్రంకు పెట్టెలోని పాత కెమెరా – ఇంట్లో చేసుకోగల మరమ్మతులు



ఈ రోజుల్లో ఫోటో అంటే సెల్‌ఫోనే. అయినా మన సూళ్ళూరుపేట, తడ ప్రాంతాల్లో కొన్ని ఇళ్ళల్లో ట్రంకు పెట్టె అడుగున ఒక రీలు కెమెరా ఇంకా ఉంటుంది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 కావచ్చు, యాషికా ఎం.ఎఫ్-2 కావచ్చు. "ఇది పనిచేయదులే" అని దాన్ని పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేస్తుంటారు. అలా ఇచ్చే ముందు ఒక్క మాట. పనిచేయని ప్రతి కెమెరా పాడైపోయినట్టు కాదు. మన పులికాట్ గాలికి దానికి జబ్బు చేసి ఉండవచ్చు. ఆ జబ్బుల్లో కొన్నింటికి మందు మన ఇంట్లోనే ఉంది. కొన్నింటి జోలికి మనం వెళ్ళకూడదు. ఈ రెండూ తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పులికాట్ గాలి ఏం చేస్తుంది?

మన దేశంలో చిలికా తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. కాళంగి, ఆరణి నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు ఇందులో కలుస్తాయి. మన గాలిలో తేమా ఉంది, ఉప్పూ ఉంది. వానాకాలంలో వంటగదిలోని ఉప్పు డబ్బా నీరు కారడం మీరు చూసే ఉంటారు. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది. కెమెరా మీద పడిన ఉప్పు కూడా అదే పని చేసి ఇనుముకు తుప్పు, ఇత్తడికి చిలుము పట్టిస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. ఆ రోజుల్లో మూసిన పెట్టెలోని లెన్సుకు బూజు కూడా పడుతుంది.

ముందుగా: లోపల రీలు ఉందా?

కెమెరా చేతికి రాగానే వెనుక తలుపు తెరవకండి. లోపల కడిగించని రీలు ఉండవచ్చు. అందులో ఇప్పుడు మన మధ్య లేని తాతయ్య ముఖమో, అవ్వ ముఖమో ఉండవచ్చు. ఒక్క క్షణం వెలుతురు తగిలితే ఆ ఫోటో మళ్ళీ రాదు. చిన్న రీలు కెమెరాకు ఎడమ వైపు, రీలు వెనక్కి చుట్టే పిడి ఉంటుంది. దాన్ని బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. బిగువుగా ఉంటే రీలు ఉన్నట్టే. అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కి, బిగువు వదిలేదాకా చుట్టి, ఆ తరువాతే తెరవండి. క్లిక్-3 లాంటి పెద్ద రీలు కెమెరాలో వెనక్కి చుట్టే పని లేదు. వెనుక ఎర్ర అద్దంలో కాగితం కనబడకుండా పోయేదాకా ముందుకే చుట్టాలి.

1. బ్యాటరీ గది

తీయకుండా వదిలేసిన సెల్లు కారి, రేకుల మీద తెల్లగా గాని పచ్చగా గాని పొక్కు కడుతుంది. దూది పుల్లను రెండు చుక్కల నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో ముంచి తుడవండి. ఆల్కలైన్ సెల్లు నుండి కారేది క్షారం, నిమ్మరసం ఆమ్లం. తటస్థీకరణం మీరు బడిలో చదివిందే. తరువాత కొంచెం తడి దూదితో ఆమ్లాన్ని తుడిచి, బాగా ఆరనిచ్చి, పెన్సిలు రబ్బరుతో రేకులను మెరిసేదాకా రుద్దండి. ఆ పొక్కు కంట్లో పడకుండా జాగ్రత్త.

2. షట్టర్

రీలు లేకుండా వెనుక తలుపు తెరిచి, కెమెరాను వెలుతురు వైపు పెట్టి క్లిక్ నొక్కండి. లెన్సు వెనుక వెలుగు తళుక్కున కనబడాలి. వేగాలు మార్చే కెమెరా అయితే 1 సెకను దగ్గర పెట్టి మనసులో లెక్కపెట్టండి. మూడు నాలుగు సెకన్లు పడితే లోపలి పాత నూనె జిగురైందన్నమాట. రీలు లేకుండా యాభై సార్లు క్లిక్ చేస్తే ఒక్కోసారి వదులవుతుంది. అంతేగాని కుట్టుమిషను నూనె గాని కొబ్బరి నూనె గాని పోయకండి. ఆకుల్లాంటి షట్టర్ రేకులు పొడిగా ఉండాలి, నూనె తగిలితే అతుక్కుపోతాయి. గుడ్డ షట్టర్‌ను వేలితో ముట్టుకోకండి.

3. వెలుతురు కారడం

ఫోటోలన్నింటిలో ఒకే చోట తెల్లటి చార పడితే వెలుతురు లోపలికి కారుతున్నట్టు. తలుపు అంచు గాడిలో ఉండే నల్లటి స్పాంజి ఏళ్ళు గడిస్తే తారులా కరుగుతుంది. దాన్ని పుల్లతో గీకి, కొంచెం స్పిరిట్‌తో తుడిచి, ఆ గాడిలో నల్ల ఉలన్ దారం అతికించండి. కీలు దగ్గర నల్ల వెల్వెట్ గుడ్డ ముక్క సరిపోతుంది. రాత్రి దీపాలార్పి, బయటి నుండి తలుపు అంచుల వెంట టార్చి వేస్తూ లెన్సు వైపు నుండి చూస్తే ఇంకా ఎక్కడ కారుతుందో తెలుస్తుంది. షట్టర్‌ను తెరిచి ఉంచే 'బి' గుర్తు ఉన్న కెమెరాకే ఈ పరీక్ష కుదురుతుంది.

4. లెన్సు బూజు

లెన్సులోంచి వెలుతురు వైపు చూసినప్పుడు సాలెగూడు లాంటి పోగులు కనబడితే అది బూజు. పైన ఉంటే ముందు ఇసుక, ఉప్పు రేణువులను గాలి ఊది, మెత్తని బ్రష్షుతో దులిపి, ఆ తరువాతే మెత్తని గుడ్డతో తుడవాలి. చొక్కా అంచుతో రుద్దితే ఆ రేణువులే అద్దాన్ని గీస్తాయి. లోపల ఉంటే మెకానిక్ పని. తోలు కేసు తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి అందులో దాచకండి. గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. నీలం రంగు గింజలు గులాబీ రంగుకు మారితే తేమ నిండినట్టు. ఆ రకం గింజలను చేత్తో పట్టకుండా, కొత్తవి మార్చుకోవడం మంచిది.

5. ఇక్కడ ఆగండి!

ఫ్లాష్ ఉన్న కెమెరా పైమూత విప్పకండి. రెండు పెన్సిల్ సెల్లుల 3 వోల్టులను లోపలి సర్క్యూట్ సుమారు 300 వోల్టులకు పెంచి కెపాసిటర్‌లో నింపుతుంది. సెల్లులు తీసేసినా ఆ విద్యుత్తు లోపల నిలిచి ఉండవచ్చు. చిన్న డబ్బా కదా అని వేలు పెడితే గట్టి షాకు కొడుతుంది. ఈ ఒక్క పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయాలి.

మీటరు పోయినా ఫోటో తీయవచ్చు

కొన్ని పాత కెమెరాలకు 1.35 వోల్టుల పాదరసం సెల్లు వాడేవారు. అవి ఇప్పుడు తయారు కావడం లేదు. 1.5 వోల్టుల సెల్లు వేస్తే మీటరు తప్పు చూపవచ్చు. అప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి: 100 స్పీడు ఫిల్ముకు, మంచి ఎండలో, ఎఫ్ 16 దగ్గర, సెకనులో 125వ వంతు. మబ్బు కొద్దిగా పడితే ఎఫ్ 11. దీనికి సెల్లు అక్కరలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఊటీ ఫ్యాక్టరీ 'ఇందు' ఫిల్ము ఇప్పుడు రావడం లేదు, దొరికే ఫిల్ములు ఖరీదైనవి. కాబట్టి పరీక్షలన్నీ రీలు లేకుండానే ముగించి, చివరికే కొత్త రీలు వేయండి. 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ పుణ్యమా అని మన సరస్సు రాజహంసలను చూడటానికి ఎక్కడెక్కడి వాళ్ళో పెద్ద కెమెరాలతో వస్తున్నారు. పులికాట్ ఒడ్డున పెరిగిన మనం మన ఇంటి కెమెరాను తూకానికి అమ్ముకోవద్దు. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకు పెట్టె తెరవండి. ముందు పిడి తిప్పి చూడండి. బిగువుగా ఉంటే ఆ రీలును జాగ్రత్తగా స్టూడియోకు చేర్చండి.