కుక్క ఎందుకు తవ్వుతుంది?

పిల్లలూ! మన ద్రాక్షారామం పెరళ్ళలో వేసవి వచ్చిందంటే, పచ్చగా అల్లుకున్న గరికనూ సరస్వతి ఆకునూ పెంపుడు కుక్క తవ్విపోస్తుంది. వెంటనే మీరు కర్ర తీస్తారు. ఆగండి! మనకు ఒళ్ళంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు ముఖ్యంగా పాదాల అడుగునే చెమట పోస్తుంది. అందుకే నాలుక చాచి రొప్పుతుంది. తడిమట్టిని తవ్వి, ఆ చల్లదనంలో పడుకుంటుంది. మట్టిలో ఎలుక వాసన తగిలినా తవ్వుతుంది.

మరి పచ్చిక దక్కేదెలా? చెట్టునీడన ఒక మూల ఇసుక పోసి తడపండి. అందులో దాని బంతిని సగం పాతిపెట్టండి. అక్కడ తవ్వితే మెచ్చుకోండి. పక్కనే నీళ్ళతొట్టి ఉంచండి. పచ్చికలో పడిన గుంటను పూడ్చి, గరిక తీగలు పరచి నీళ్ళు చల్లండి. కణుపు కణుపునా వేరు తన్నుతుంది. కుదురుకునేదాకా పైన ఇనుపవల కప్పండి.

కొడితే కుక్క భయం నేర్చుకుంటుంది గాని, దానికి ఎండ తగ్గదు గదా!