వరిలో ఉల్లికోడు: దాని పుట్టుక, నివారణ

వరిమడిలో కొన్ని పిలకలు వెన్ను వేయక, ఉల్లికాడ వలె గుండ్రముగా, బోలుగా, వెండి చాయతో పైకి వచ్చును. దీనినే రైతులు ఉల్లికోడు అందురు. ఇది నీటి యెద్దడి వలన గాని, ఎరువు లోపము వలన గాని కలుగునది కాదు. ఒక చిన్న పురుగు వరిమొక్క చేతనే తనకు కట్టించుకొనిన ఇల్లు ఇది.

ఈ పురుగు తల్లి దోమంత ఈగ; దాని పొట్ట ఎరుపు. అది రాత్రివేళ సంచరించుచు దీపమునకు చేరును. ఒక్కొక్క ఈగ ఆకులపై 100కు పైగా గ్రుడ్లు పెట్టును. 3, 4 దినములలో పిల్లపురుగు వెలువడి, ఆకుపై నున్న తడి ఆధారముగా తొడుగుల సందున మొవ్వు మొదలికి దిగును. తడి లేనిచో అది ఎండి చచ్చును. కావుననే మబ్బు పట్టి జల్లులు కురియు దినములలో ఈ బాధ హెచ్చు.

మొవ్వు చేరిన పిల్లపురుగు లాలాజలమును విడుచును. అందు అనేక ప్రోటీనులు కలవు. న్యూక్లియోసైడ్ డైఫాస్ఫేట్ కైనేజ్ అను ఎంజైము వానిలో ఒకటిగా గుర్తింపబడినది. పురుగు ఉన్నంత కాలము మొవ్వు సహజమైన పెరుగుదల తప్పును. క్రొత్త ఆకులు పుట్టుట ఆగి, ఆకు తొడుగు పురుగు చుట్టును మూసికొని గొట్టమగును. వెన్నుకు చేరవలసిన సారము పురుగునకు ఆహారమగును. సుమారు 3 వారములలో పురుగు పెరిగి, గొట్టము కొనకు ప్రాకి, రంధ్రము చేసి ఈగయై ఎగిరిపోవును. గొట్టము పైకి కనబడునాటికి పురుగు పని దాదాపు ముగిసియుండును. ఆ పిలక ఇక గింజ నీయదు.

కొన్ని వరి రకములు ఈ పురుగును గుర్తించి ఎదిరించును. సయాం 29 సంతతియైన ఫల్గుణ రకమున పురుగు చేరిన చోట కణజాలము గోధుమవర్ణమై చచ్చును; దానితో పిల్లపురుగును నశించును. ఈశ్వరకొర నుండి వరంగల్లులో తయారైన డబ్ల్యు 1263 రకమున గోధుమవర్ణము కలుగకయే పురుగు చచ్చును. అయినను పురుగు జాతియు మారుచుండును. 1980ల దశకమున శ్రీకాకుళము ప్రాంతమున ఫల్గుణను జయించు పురుగు తెగ బయలుదేరెను. కావున ఊరంతయు ఏటేటా ఒకే రకమును వేయుట క్షేమము కాదు.

రైతులు ఈ క్రింది సంగతులను పాటింపవలెను. ఆబి నాట్లు ఆలస్యము చేయరాదు. ఊరిలోని వారందరు ఒక్కమారుగా నాటుట మేలు. గట్లపై గడ్డిని, అడవి వరిని, కోసిన పిదప మోళ్ల నుండి లేచిన పిలకలను తీసివేయవలెను. పురుగు వానిలో దాగి తరువాతి పంటకు వచ్చును. నత్రజని ఎరువు మితముగా వేయవలెను. ఆ ప్రాంతపు పురుగు తెగకు లొంగని రకమును వ్యవసాయాధికారుల నడిగి తెలిసికొనవలెను. ప్లాటీగాస్టర్ అను నల్లని చిన్న కందిరీగ ఈ పురుగులో పెరిగి దానిని చంపును. ఒక పురుగు నుండి పెక్కు కందిరీగలు వెలువడును. అవసరము లేని మందు చల్లినచో ముందు నశించునవి ఈ మిత్రములే.

మొవ్వులో వెన్ను మొలక పుట్టిన పిదప పురుగు గొట్టము చేయజాలదు. కావున నారుమడి మొదలు పిలకలు తొడుగు కాలము వరకే జాగ్రత్త ముఖ్యము. గొట్టములు చూచి కంగారుపడుట కంటె, అవి రాకముందే పొలము నడిచి చూచుట లాభకరము.