చెంప ఎముకకు గడువెంత?

సఖినేటిపల్లి రేవులో పంటు ఒడ్డుకి ఆనకముందే బండి స్టార్ట్ చేసి కూర్చోవడం మావాళ్లందరికీ అలవాటు. కొబ్బరికాయల బేరం మీద నర్సాపురం వెళ్లొస్తున్న మా మేనల్లుడూ అదే చేశాడు. తడిసిన ఇనుపరేకు మీద టైరు జారింది, హ్యాండిలు ఎడమ చెంపకు తగిలింది. లేచి చొక్కా దులుపుకుని, "ఆయ్, ఏం కాలేదండి" అన్నాడు. సాయంత్రానికి కన్ను మూసుకుపోయింది.

ఇంట్లో వైద్యం మొదలైంది. మా అక్క కాపడానికి ఇసుక వేయించింది. ఎదురింటి తాతగారు చింతపండు, ఉప్పు పట్టేయమన్నారు. పుత్తూరు కట్టు మాటా వచ్చింది. కాలికీ చేతికీ అయితే కడతారు, ముఖానికి ఎక్కడ కడతారు? పైగా మొదటి రెండు రోజులు వేడి తగిలితే వాపు ఇంకా పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐసుముక్క పెట్టాలి. ముక్కు చీదకూడదు. చెంప వెనకున్న గాలిగది పగిలితే చీదిన గాలి కంటిచుట్టూ చర్మం కిందికి ఎక్కుతుంది.

మా వైపు కంటి కింది నుంచి గడ్డం దాకా అంతా దవడే. అసలు చెంప ఎముక వేరు. నుదురు, పైదవడ, కణత, కంటి వెనక ఎముక, ఈ నాలుగింటితోనూ అతుక్కుని, కనుగుడ్డు కూర్చునే గూటికి బయటి గోడా కొంత నేలా తనే అవుతుంది. దాన్ని చూసేది డెంటల్ కాలేజీల్లో ఉండే మాక్సిల్లోఫేషియల్ సర్జన్. "చెంప పగిలితే పళ్ల డాక్టరా!" అని మా బావ విస్తుపోయాడు. పంటు దాటి భీమవరం వెళితే విష్ణు డెంటల్ కాలేజీ ఉందన్న సంగతి అప్పటిదాకా మాకెవరికీ పట్టలేదు.

సీటీ స్కాన్‌లో ఎముక లోపలికి జరిగినట్టు తెలిసింది. డాక్టరు వెంటనే కత్తి పట్టలేదు, వారం తర్వాత రమ్మన్నాడు. మావాళ్లకి కోపమొచ్చింది. ఆయన చెప్పింది సబబే. వాపు మీద చూస్తే చెంప నిండుగానే కనపడుతుంది, నొక్కు ఎంతో తేలదు. అలాగని నానబెట్టడానికీ లేదు. రెండు మూడు వారాలు దాటితే ఎముక వంకరగానే అతుక్కుంటుంది. అప్పుడు మళ్లీ విరగ్గొట్టి సరిచేయాలి.

కన్ను మాత్రం ఆగదు. చూపు మసకబారినా, గుడ్డు రాయిలా గట్టిపడి ముందుకి పొడుచుకొచ్చినా వెనక రక్తం చేరినట్టే. అక్కడ లెక్క గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో. పిల్లల సంగతి మరీ మోసం. కన్ను తెల్లగా, వాపు లేకుండానే ఉంటుంది. పైకి చూడమంటే వాంతి చేసుకుంటారు. లోపల కండరం పగులులో చిక్కుకుపోయిందన్నమాట.

ఎనిమిదో రోజు వెళ్లాం. డాక్టరు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తాను వెనక నిలబడ్డాడు. తల కాస్త వెనక్కి వాల్చి, రెండు చెంపల మీదా చూపుడువేళ్లు ఆనించి పైనుంచి చూశాడు. ఎడమవేలు కిందికి దిగి ఉంది. నోట్లో మూడు వేళ్లు పెట్టించాడు, పట్టాయి. పట్టకపోతే ఎముక కమాను లోపలికి దిగి దవడ కదలికకు అడ్డుపడుతోందని అనుమానించాలి.

ఒక్క కమానే విరిగితే పని తేలిక. 1927లో గిలీస్, కిల్నర్, స్టోన్ అనే ముగ్గురు సర్జన్లు చెప్పిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. కణత మీద జుట్టులో చిన్న గాటు పెట్టి, పనిముట్టు దూర్చి ఎత్తడమే. ఎముక జరక్కుండా పగులు మాత్రమే ఉంటే అదీ అక్కర్లేదు. మెత్తటి తిండి తింటూ ఆ వైపు పడుకోకుండా ఉంటే చాలు. సొట్ట కొద్దిగా ఉండి ఇంకే ఇబ్బందీ లేకపోతే మాత్రం నిర్ణయం డాక్టరుది కాదు, అద్దంలో ఆ ముఖం చూసుకునేవాడిది.

మావాడు సొట్టకి ఒప్పేసుకున్నాడు. "మీసం పెంచేస్తానండి" అన్నాడు. డాక్టరు వేలు పైకెత్తి చూడమన్నాడు. అప్పుడు చెప్పాడు వాడు, చెట్టు కింద నిలబడి కాయలు లెక్కేద్దామంటే ఒక గెల రెండుగా కనపడుతోందని. వాపు తగ్గినా అది తగ్గలేదు. కంటికింది కండరం పగులులో చిక్కింది. ఆపరేషన్ అక్కడే తేలిపోయింది.

పై పెదవి లోపలి నుంచీ, కనుబొమ కొసనుంచీ టైటానియం ప్లేట్లు వేశారు. కంటి కింద చిన్న జల్లెడ పెట్టారు. ఇబ్బంది పెట్టకపోతే అవి అలాగే ఉండిపోతాయి. కంటి కింద నరం నలిగినందుకు తిమ్మిరి తగ్గడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా పోదు కూడా.

ఇప్పుడు గెల ఒకటే కనపడుతోంది, లెక్కా సరిగ్గా వస్తోంది. ఎడమ మీసం దువ్వుకుంటుంటే మాత్రం ఇంకా ఎవరి మీసమో దువ్వుతున్నట్టే ఉందట.