చేర్పించేవారికీ చట్టం ఉంది

దురాశ దుఃఖానికి చేటు అన్నారు పెద్దలు. అలాగని డబ్బు పోగొట్టుకున్నవారందరినీ దురాశాపరులనడం న్యాయం కాదు. వారిలో చాలామంది నమ్మినది పథకాన్ని కాదు, దాన్ని తెచ్చిన మనిషిని. పరభాషా ప్రాంతంలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాలలో ఈ నమ్మకం ఇంకొంచెం ఎక్కువ. ఉగాది సభలో పక్కన కూర్చున్నవారు తెలుగులో ఆప్యాయంగా పలకరించి, "నెలకు నూటికి మూడు రూపాయలు అన్నయ్యగారూ, నేనూ వేశాను" అంటే కాదనడం కష్టం.

ఆ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మీరు లక్ష రూపాయలు ఇచ్చారు. అందులో నూటికి పది వంతున ఏజెంటు కమీషను పోతే సంస్థ చేతిలో మిగిలేది 90,000. నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36,000. అంటే ఆ 90,000 మీద నూటికి 40 వంతున లాభం వస్తేగాని మీ వడ్డీ కూడా రాదు. జీతాలు, అద్దెలు వేరే ఉన్నాయి. ఏ న్యాయమైన వ్యాపారం ఏటేటా అంత ఇస్తుంది? కొత్తగా చేరినవారి సొమ్ముతో పాతవారికి వడ్డీ కట్టడమే ఇక దారి. చేరేవారు తగ్గిన నాడు తలుపులు మూతపడతాయి.

విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ కథ మనవారికి తెలిసిందే. భూములు, స్థలాలు ఆశ చూపి ఆంధ్ర, తెలంగాణలతో పాటు కర్ణాటక, ఒడిశా, తమిళనాడు వంటి రాష్ట్రాలలో కూడా, మొత్తం సుమారు 32 లక్షల మంది నుంచి 6,000 కోట్ల రూపాయలకు పైగా సేకరించింది. చెల్లింపులు ఆగిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో పదివేల లోపు, 2021లో ఇరవై వేల లోపు డిపాజిట్లు ఉన్న తన రాష్ట్రంవారికి సొమ్ము ఇచ్చింది. పొరుగు రాష్ట్రాలలో కట్టినవారికి ఆ ఊరట కూడా లేదు.

ఇటువంటివాటిని అరికట్టడానికే 2019లో అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం వచ్చింది. యానాంతో సహా మనమున్న రాష్ట్రాలన్నిటికీ వర్తిస్తుంది. డబ్బు తీసుకోవడమే కాదు, అలాంటి పథకానికి ప్రచారం చేయడం, రమ్మని అడగడం కూడా నేరమే. నిర్వాహకులు డిపాజిట్లు అడిగితే ఏడాది నుంచి అయిదేళ్ళ దాకా జైలు, 2 లక్షల నుంచి 10 లక్షల దాకా జరిమానా. స్వీకరిస్తే జైలు రెండు నుంచి ఏడేళ్ళు. ఇక నిర్వాహకులు కానివారైనా సరే, తెలిసి తెలిసి అబద్ధపు మాటతో, వాగ్దానంతో ఇంకొకరిని చేర్పిస్తే శిక్ష తప్పదు. కమీషను కోసం ఇల్లిల్లూ తిరిగే విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు ఈ సంగతి ముఖ్యంగా గమనించాలి. బంధువుల నుంచి తీసుకున్న అప్పు, వ్యాపారంలో సరుకుకిచ్చిన బయానా వంటివి ఈ చట్టం కిందికి రావు.

నష్టభయం ఎక్కువగా ఉండే పెట్టుబడులు చట్టబద్ధంగానూ ఉన్నాయి. కాని వాటిని అందరికీ అమ్మరు. సెబీ వద్ద నమోదైన ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధులలో సాధారణంగా కోటి రూపాయలకు తక్కువ తీసుకోరు. ప్రైవేటుగా వాటాలు ఇచ్చే కంపెనీ ఏడాదికి 200 మందికి మించి అడగరాదు, బహిరంగ ప్రకటనలు ఇవ్వరాదు, నగదు పుచ్చుకోరాదు. కనుక "ఇది పెద్దవాళ్ళ పథకం, మీ కోసం యాభై వేలకే ఇప్పిస్తున్నాను" అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించండి.

డబ్బు ఇచ్చేముందు మూడు ప్రశ్నలు వేయండి. ఒకటి, డిపాజిట్లు తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు, సెబీ, చిట్ల రిజిస్ట్రారు వంటి ఏ అధికారి అనుమతి ఉంది? కంపెనీగా రిజిస్టరైనంత మాత్రాన ఆ అనుమతి ఉన్నట్లు కాదు. రెండు, వడ్డీ ఎంత? డిపాజిట్లకు అనుమతి ఉన్న ఫైనాన్సు కంపెనీ సైతం ఏడాదికి 12.5 శాతానికి మించి ఇవ్వరాదు, బహుమతులు ఆశ చూపరాదు. మూడు, నన్ను చేర్పిస్తే మీకు ఎంత వస్తుంది? ఈ మూడో ప్రశ్న అడగడానికి మనకు మొహమాటం. అడిగి తీరాలి.

మోసం జరిగితే పరువు పోతుందని దాచుకోకండి. రిజర్వు బ్యాంకువారి 'సచేత్' వెబ్‌సైటులో ఫిర్యాదు చేయవచ్చు. పోలీసు ఆర్థిక నేరాల విభాగం ఉంది. డిపాజిటుదారుల రక్షణకు తమిళనాడులో 1997, మహారాష్ట్రలో 1999, కర్ణాటక, పుదుచ్చేరిలలో 2004, ఒడిశాలో 2011 నాటి చట్టాలు కూడా ఉన్నాయి. రసీదులు, పాస్‌బుక్కులు, బ్యాంకు పత్రాలు భద్రపరచండి.

చివరిగా మన సంఘాలకు ఒక మనవి. నిషిద్ధ పథకం ప్రకటన ఏ పత్రికలో వచ్చినా, అదే చోట ఉచితంగా దాన్ని ఖండిస్తూ ప్రచురించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. వార్షికోత్సవ సంచికకు పూర్తి పేజీ ప్రకటన ఇస్తామన్నా, వేదిక మీద రెండు నిమిషాలు అడిగినా, ముందు అనుమతి పత్రం చూపమనండి. మన వేదిక మీద నిలబడినవాడికి మన సభ్యులందరి నమ్మకం ఊరికే దొరుకుతుంది. అది మనం పంచిపెట్టవలసిన వస్తువు కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?